మావయ్యగారి గాలి

"ఓ పాలబండీ! ఆగవయ్యా! మా నీడ పట్టుకుపోతున్నావు!"

ఆ కేక తాబేటిలంక వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వినబడింది. పళ్ళు తోముకుంటున్నవాళ్ళు వేపపుల్ల నోట్లో ఉండగానే బయటికొచ్చారు. చూస్తే ఏముంది? ముందు పాలబండి పోతోంది. దాని పక్కనే, సరిగ్గా దాని నీడలో, ఎర్రటి రబ్బరు పడవని నెత్తిన పెట్టుకుని అబ్బులూ, వాడి తమ్ముడు గన్నయ్యా పరుగెడుతున్నారు. వెనకాల కొంగు బొడ్లో దోపుకుని అబ్బులు పెళ్ళాం నాగరత్నం. కేక పెట్టింది ఆవిడే.

ఈ ముగ్గురి సంగతి మీకు ముందు చెప్పాలి. తాబేటిలంకలో ఎవరికి తెలివి కావాలన్నా తమ గుమ్మంలోకే రావాలని అబ్బులుకి గట్టి నమ్మకం. ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. అంటే పాపం ఊళ్ళో ఎవరికీ తెలివి అక్కర్లేదు కాబోలని జాలిపడేవాడు. గన్నయ్య అన్న చెప్పిందే వేదం అనేవాడు. నాగరత్నం వాళ్ళిద్దరికన్నా తనకి ఓ వీసం ఎక్కువే ఉందనుకునేది, కానీ పైకి చెప్పేది కాదు. అదీ ఆవిడ తెలివి.

ఇక పడవ సంగతి. నాగరత్నం పుట్టిల్లు గోదారికి అవతలి ఒడ్డున ఉన్న పెదరేవు. వంతెన కట్టాక రేవు పడవ ఆగిపోయింది. రోడ్డున పోవాలంటే రెండు బస్సులు మారాలి, సగం రోజు పడుతుంది. అదే సొంత పడవుంటే పది నిమిషాలు. అమ్మని చూసి, కబుర్లు చెప్పి, పొయ్యిమీద పప్పు ఉడికేలోగా వచ్చెయ్యొచ్చు. ఆవిడ తండ్రి ధర్మారావు ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర గాలి కొట్టే రబ్బరు పడవ ఒకటుంది. వరదలప్పుడు అల్లుడికి వాడుకోమని ఇచ్చాడు. చలికాలం రాగానే వచ్చి, కాలితో తొక్కే పంపు పెట్టి అరగంట తొక్కి నిండా గాలి కొట్టి, ఓ కాగితం చేతికిచ్చాడు.

"అల్లుడూ, చలికాలం పనులన్నీ ఇందులో రాశాను. అక్షరం తప్పకుండా చెయ్యి. ఆదివారం వచ్చి చూస్తాను. బాగుంటే పడవ మీదే. పాడుచేశారో, తీసుకెళ్ళి చిన్నల్లుడికిచ్చేస్తాను."

అంతే. నాగరత్నం రెండు చేతులూ జోడించి కాగితాన్ని కళ్ళకద్దుకుంది. ఆ కళ్ళు చూశాక అబ్బులు ఒట్టు పెట్టుకున్నాడు, ఒక్క అక్షరం కూడా వదలనని.

కాగితంలో మొదటి పని: శుభ్రంగా కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండ తగలనివ్వకండి.

గురువారం పొద్దున్నే కడిగారు. మరి నీడేదీ? వేపచెట్టు కింద చూస్తే నీడ నిండా చిల్లులు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఇంటి నీడ చూస్తే సన్నం. వీధిలో ఆగున్న పాలబండి నీడ మాత్రం ఒక్క చిల్లు లేకుండా దుప్పటి పరిచినట్టుంది. పడవని దాంట్లో పెట్టారు. క్యాన్లు ఎక్కించడం అయిపోయింది, బండి కదిలింది. ఇంకేముంది! నీడతో పాటు వీళ్ళూ కదిలారు.

పక్క ఊరి పొలిమేరలో డ్రైవరు బండి ఆపి దిగాడు. "ఏంటండీ మీ గోల? నేనేం పట్టుకుపోయానని?"

"తప్పు మీది కాదులెండి," అన్నాడు అబ్బులు రొప్పుతూ. "నీడ మీదే, కాదనం. మా పడవ ఆరేదాకా కాస్త నెమ్మదిగా పోనివ్వండి."

డ్రైవరు వాళ్ళని కింద నుంచి పైకీ, పైనుంచి కిందకీ చూసి, బండెక్కి వెళ్ళిపోయాడు. అయితే పరుగుకి గాలి తగిలి పడవ మాత్రం శుభ్రంగా ఆరిపోయింది. తిరిగొచ్చేటప్పుడు అన్నదమ్ములు చొక్కాలు విప్పి పడవకి కప్పి, చలికి పళ్ళు టకటకలాడిస్తూ ఇంటికొచ్చారు.

"ఒక పని అయిందే రత్నం," అన్నాడు అబ్బులు గర్వంగా.

రెండో పని: పడవకి సబ్బునీళ్ళు రాయండి. బుడగలు ఎక్కడ కనబడితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, రబ్బరు అతుకు వెయ్యండి.

సైకిలు షాపులో ఆరు అతుకులూ, ఓ సొల్యూషన్ ట్యూబూ తెచ్చారు. గన్నయ్య సబ్బునీళ్ళు రాశాడు. తోక దగ్గర ఎక్కడో సన్నటి చిల్లుంది. అక్కడినుంచి నిమ్మకాయంత బుడగ పుట్టింది, రంగులు తిరిగింది, గాల్లోకి లేచింది.

"అదిగో అన్నయ్యా, కనబడింది!"

"దాన్ని వదలకురా! ఎక్కడికి పోతోందో చూడు!"

బుడగ గోడ దాటింది. వీళ్ళూ గోడ దూకారు. అవతల పక్కింటి కాంతయ్య బాబాయి పడక్కుర్చీలో వెనక్కి వాలి, ఎండ కాగుతూ కునుకు తీస్తున్నాడు. బుడగ వచ్చి ఆయన బట్టతల మీద వాలింది. టప్!

అంతే. గన్నయ్య సుద్దతో సున్నా చుట్టాడు, అబ్బులు సొల్యూషన్ రాశాడు, అతుకు నొక్కాడు.

"ఒరే ఒరే! నా నెత్తికి పంక్చరేంట్రా?" కాంతయ్య లేవబోయాడు.

"కదలకండి బాబాయ్, ఆరనివ్వండి. గాలి ఎక్కడినుంచి పోతోందా అని చూస్తున్నాం, మీ దగ్గర దొరికింది."

"నా దగ్గరా?"

"మిమ్మల్నేం అనటంలేదులెండి. ఎవరికైనా వస్తుంది."

రెండో బుడగ గేదె వీపు మీద పేలింది. మూడోది కాంతయ్య గేటు మీద. నాలుగోది ఆవకాయ జాడీ మీద. అయిదోది సబ్బునీళ్ళ బకెట్టు మీద. ఆరోది నాగరత్నం ముక్కు మీద వాలితే ఆవిడే ముఖం ముందుకు పెట్టి, "ఊఁ, కానివ్వండి, పడవ కోసం ఆమాత్రం ఓర్చుకోలేనా?" అంది. అతుకులు ఆరూ అయిపోయాయి.

"అతుకులు అయిపోయాయంటే చిల్లులూ అయిపోయినట్టే," అని అబ్బులు లెక్క తేల్చాడు.

మూడోది కాస్త పెద్ద పని. పడవకి కొత్త హంగు. అడుగున తేలికైన చెక్కపలక వెయ్యండి, మనిషి నిలబడితే అది కదలకూడదు.

శుక్రవారం పలక కోయించి తెచ్చి లోపల పరిచారు. గన్నయ్య ఎక్కి నాలుగు గంతులేశాడు. పలక కదిలింది.

"కదులుతోంది అన్నయ్యా."

"మావయ్యగారు కదలకూడదన్నారు కదరా. మేకులు తే."

నాలుగంగుళాల మేకులు తెచ్చాడు. అబ్బులు సుత్తి ఎత్తి ఒక్కటిచ్చాడు. బుస్స్‌స్‌స్!

"పామండీ!" అని నాగరత్నం అరుగెక్కేసింది.

అబ్బులు చెవి ఆనించి విన్నాడు. ముఖం పాలిపోయింది. "పాము కాదే! మావయ్యగారి గాలి! అరగంట తొక్కి, చెమట్లు కక్కుతూ నింపిన గాలే! పోతోంది, గిన్నెలు తే!"

ఇంకేముంది! నాగరత్నం వంటింట్లోకి పరుగెత్తింది. అన్నం గిన్నె, పప్పు గిన్నె, ఇడ్లీ పాత్ర, రెండు బిందెలు, కాఫీ గ్లాసులతో సహా మోసుకొచ్చింది. ఒక్కో గిన్నే మేకు దగ్గర పట్టడం, నిండిందనగానే మూత వెయ్యడం, గుడ్డతో వాసెన కట్టడం. గన్నయ్య సుద్దతో పేర్లు రాశాడు: 'ముందువైపు గాలి', 'వెనకవైపు గాలి'. రేపు మళ్ళీ నింపేటప్పుడు తారుమారైతే పడవ వెనక్కి నడుస్తుందని వాడి భయం.

"కాస్త మూత తీసి చూడనా, నిండిందో లేదో?" అంది నాగరత్నం.

"తియ్యకే! గాలి కనబడుతుందా ఏంటి? ఏమీ కనబడలేదంటే నిండా ఉన్నట్టే."

మిగతా మూడు మేకులూ కొట్టేసరికి పడవ చపాతీలా నేలకి అతుక్కుపోయింది. కాగితంలో తరవాతి మాట 'గాలి తీసేసి మడతపెట్టండి' అనే ఉంది. "చూశావా, మనం చదవకముందే చేసేశాం," అని అబ్బులు తమ్ముడి వీపు తట్టాడు. మడతకి పలక అడ్డమొస్తే మేకులు పీకి పారేశారు.

నాలుగో పని: ఎలకలు కొట్టకుండా చూసుకోండి.

దీనికి అబ్బులు శనివారం పొద్దుటంతా ఆలోచించాడు.

"గన్నా, ఎలక ఎందుకు కొరుకుతుందిరా?"

"ఆకలేసి."

"కడుపు నిండినవాడు రబ్బరు తింటాడా? నువ్వు తింటావా?"

"నేను ఆకలేసినా తినను అన్నయ్యా."

అంతే. పడవని గదిలో పెట్టి, డబ్బాలో బియ్యమంతా దాని మడతల్లో పోశారు. పైన బెల్లం కూడా తురిమారు, ఎలకలు మొహమాటపడకుండా. తలుపేసుకుని వచ్చేశారు. లోపల కిచకిచలు వినబడుతుంటే ముగ్గురూ మురిసిపోయారు. "పెళ్ళివారిలా తింటున్నాయి పాపం," అంది నాగరత్నం.

ఆదివారం పొద్దున్న తలుపు తీశారు. బియ్యం గింజ లేదు. పడవ మాత్రం జల్లెడలా ఉంది. గన్నయ్య వంగి చూసి, "రబ్బరు వీటికి పెరుగన్నం లెక్కనుకుంటా అన్నయ్యా. ఆఖర్న తిన్నాయి," అన్నాడు.

అబ్బులుకి మొదటిసారి భయమేసింది. నాగరత్నం పొద్దున్నే తలంటుకుని, నాన్నతో పాటు అమ్మ కూడా వస్తుందని జడలో చేమంతులు కూడా పెట్టుకుంది. ముక్కు మీద అతుకు అలాగే ఉంది. ఈ పడవ చిన్నల్లుడికి పోతే ఈ మనిషి ముఖం ఎలా చూడాలి?

పదకొండింటికి బస్సు దిగి ధర్మారావూ, ఆయన భార్య చెల్లాయమ్మా వచ్చారు. చెల్లాయమ్మ చేతిలో కేరేజీ, అందులో బొమ్మిడాయి చేపల పులుసు. గేటు దగ్గరే కాంతయ్య ఎదురయ్యాడు, నెత్తి మీద నల్లటి అతుకుతో. "ఆయ్, రండి రండి. మీ పడవకి చిల్లు నా దగ్గర దొరికిందండి," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ధర్మారావుకి ఏమీ అర్థంకాలేదు. దాహమేసి వంటింట్లోకెళ్ళి బిందె మూత మీద చెయ్యేశాడు.

"తియ్యకండి మావయ్యగారూ! అందులో మీరున్నారు!" అని గన్నయ్య అడ్డం పడ్డాడు.

"నేనా?"

"మీ గాలండి. ఒక్క గుక్క కూడా పోనివ్వలేదు."

సంగతంతా విని ధర్మారావు గోడకి చేరగిలబడ్డాడు. ఎన్నో ఇళ్ళు కాలిపోతుంటే చూసిన మనిషి, ఇలాంటి ఇల్లు మాత్రం చూడలేదు. "పడవేదీ?" అన్నాడు చివరికి.

తెచ్చారు. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే చిల్లుల్లోంచి ఎండ వచ్చి ముఖమంతా మచ్చలు మచ్చలుగా పడింది. నాగరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెల్లికిచ్చేస్తావా నాన్నా?"

"దీన్నా! వాళ్ళకి నేనేం ద్రోహం చేశానే? మీరే ఉంచుకోండి, మీ దగ్గరే ఉండనివ్వండి!"

అంతే! అబ్బులు ఎగిరి గంతేశాడు. "చూశావా రత్నం! అక్షరం తప్పకుండా చేశాం, పడవ మనకే దక్కింది!"

చెల్లాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కడుపుబ్బా నవ్వింది. నవ్వి నవ్వి, కూతురి ముక్కు మీది అతుకుకి కొబ్బరినూనె రాస్తూ అంది, "నువ్వు పడవెక్కి రావద్దు తల్లీ. ఆదివారం ఆదివారం నేనే బస్సెక్కి వస్తాను. మీ ముగ్గుర్నీ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి." నాగరత్నం ఏడుస్తూనే నవ్వి అమ్మని వాటేసుకుంది.

ఇక వంట. గిన్నెలన్నిట్లో గాలే. పారబొయ్యడానికి అబ్బులు ససేమిరా అన్నాడు. ఇంక ఈ ఇంట్లో ఎలా మాట్లాడాలో ధర్మారావుకి తెలిసొచ్చింది. "నా గాలి నాకే ఇచ్చెయ్యండి," అని ఒక్కో మూత తీసి, ముక్కు పెట్టి గట్టిగా పీల్చి, "ముట్టింది," అన్నాడు. పప్పు గిన్నె దగ్గర మాత్రం కాస్త ఆగి, "దీనికి ఇంగువ తగిలింది," అన్నాడు. బియ్యం లేవు. కాంతయ్య, "నేనిస్తాను, ముందు నా నెత్తి సంగతి చూడండి," అన్నాడు. చెల్లాయమ్మ ఆయనకీ కొబ్బరినూనె రాసింది. అన్నం దిగేసరికి మూడయింది. అందరికీ ఆకలి నకనకలాడుతోంది.

"చాప ఏదైనా ఉందా?" అన్నాడు కాంతయ్య.

"ఆ పడవుందిగా," అన్నాడు ధర్మారావు విసుగ్గా. "కింద పరుచుకోడానికి తప్ప ఇంకెందుకది?"

పెరట్లో పడవ పరిచి, దాని తెడ్లు రెండూ పక్కన పెట్టారు. గన్నయ్య దాని తాడు అరుగు స్తంభానికి కట్టాడు, కొట్టుకుపోకుండా. ఆరుగురూ విస్తళ్ళు వేసుకుని కూర్చున్నారు. తీరా చూస్తే పులుసు గిన్నె అరుగు మీదే ఉండిపోయింది. నాగరత్నం లేవబోయింది.

"కూర్చో!" అన్నాడు అబ్బులు. "కాగితంలో ఆఖరి మాటేంటి? పడవెక్కినవాళ్ళు ఒడ్డు చేరేదాకా లేవకూడదు. మీ నాన్నగారి చేతిరాతే."

ధర్మారావు ఏదో అనబోయాడు. అరుగు మీంచి పులుసు వాసన వచ్చి తగిలింది. తన రాతే. తన కడుపే. "అయితే తెడ్లెయ్యండ్రా!" అని అరిచాడు.

అన్నదమ్ములు చెరో తెడ్డూ తీసుకుని పెరటి గచ్చు మీద టకాటకా వేస్తున్నారు. ధర్మారావు కూడా అన్నం హస్తంతో ఓ చెయ్యి వేశాడు. "ఎదురుగాలనుకుంటా," అన్నాడు కాంతయ్య. చెల్లాయమ్మ కాసేపు చూసి, చూసి, ఒళ్ళు వంచి చెయ్యి చాచి, బారెడు దూరంలో ఉన్న గిన్నె అందుకుని మధ్యలో పెట్టింది.

అబ్బులు తెడ్డు దించి నుదుటి చెమట తుడుచుకున్నాడు. "హమ్మయ్య, ఒడ్డొచ్చేసింది."

పులుసు వడ్డించుకుని అందరూ ముద్దలు కలిపారు. గన్నయ్య ముద్ద నోటిదాకా తెచ్చి, వెనక్కి తిరిగి స్తంభం వైపు చూసి ఆగిపోయాడు. "అన్నయ్యా, తాడు కట్టే ఉంది. అంటే మనం వెళ్ళలేదు. ఒడ్డే ఇటొచ్చింది."

"అంతదూరం నుంచి వచ్చిందా పాపం," అంది నాగరత్నం, ఒడ్డుకి కూడా ఓ విస్తరి వేస్తూ.