వెంకాయమ్మ మొహం

అనగనగా గోదారికి ఇవతల ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళు నా మీద వెయ్యకు, కథ చెబుతున్నానుగా. పొద్దున్నే అట్లు పోసి అమ్ముకునేది. పెనం దించాక ఇక ఆవిడ లోకమే వేరు. ఈతపుల్ల చివర నమిలి కుంచె చేసుకునేది. పసుపూ, మసీ, చిక్కుడాకు పసరూ ఆవిడ రంగులు. కనపడ్డ చోటల్లా బొమ్మలు వేసేది.

ఎవరూ నేర్పలేదు. అందుకని ఒకరోజు బొమ్మ కుదిరితే నాలుగు రోజులు కుదిరేది కాదు. కుదిరిన రోజు వీధి వీధంతా పిలిచి చూపించేది. కుదరని రోజు అన్నం సయించేది కాదు. ఒకసారి చిలకను వేస్తే పిల్లలు పచ్చిమిరపకాయ అన్నారు. పాపం, రెండు రోజులు కుంచె ముట్టలేదు. నవ్వకు, నీ బొమ్మలు నాకు తెలియవా?

అప్పుడు గవర్రాజు తాత ఆవిడ దగ్గరికి వచ్చాడు. ఆయన భార్య వెంకాయమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఫొటోలెక్కడివి?

"అమ్మాయ్, మీ పిన్ని మొహం నాకు చెరిగిపోతోందే," అన్నాడు తాత. "మాట వినపడుతుంది, మొహం రాదు. రేపు నేను పైకి పోతే అంతమందిలో ఎలా గుర్తుపట్టను? సంవత్సరీకం లోపల ఒక్క బొమ్మ వేసిపెట్టు."

అచ్చియ్యమ్మకి భయం పట్టుకుంది. చిలక చెడితే పిల్లలు నవ్వి ఊరుకుంటారు. ఇది చెడితే తాత ఆ తప్పు మొహాన్నే గుర్తుపెట్టుకుంటాడు. పైకి వెళ్ళి వేరే ఎవరినో వెతుక్కుంటాడు. అయినా ఆ ముసలాయన్ని చూస్తే కాదనడానికి నోరు రాలేదు.

మొదట చెక్క మీద వేసింది. తాత చాలాసేపు చూశాడు. "అందంగానే ఉందమ్మా. కరణంగారి భార్యలా ఉంది," అన్నాడు.

ఆ తర్వాత గుడ్డ మీద వేసింది. ఈసారి ముక్కు కుదిరింది. తాత దగ్గరికీ దూరానికీ పెట్టి చూశాడు. "ఇది మా మరదలు," అని మొహం తిప్పుకున్నాడు. ఆ వారమంతా అచ్చియ్యమ్మకి కంటిమీద కునుకు లేదు. అట్లన్నీ మాడిపోయాయి.

ఆ తర్వాత సంవత్సరీకం రేపనగా తాత మళ్ళీ పిలిచాడు. "చెక్కా వద్దు, గుడ్డా వద్దు. గోడ మీద వెయ్యి. నీకోసం శుభ్రంగా సున్నం కొట్టి ఉంచాను," అని చెప్పి, అరిటాకులు కోసుకురావడానికి వెళ్ళాడు.

అచ్చియ్యమ్మ కొత్త ఈతపుల్ల నమిలి మొదలుపెట్టింది. కళ్ళూ కనుబొమ్మలూ మసితో పెట్టింది. వెంకాయమ్మ రోజూ పసుపు రాసుకునే మనిషి కదా, అందుకని చివర్న మొహం నిండా పసుపు పూసింది. చెయ్యి కడుక్కుని ఇటు తిరిగేసరికి బుగ్గలు ఎర్రబడుతున్నాయి.

పసుపుకి సున్నం తగిలితే ఏమవుతుందో తెలుసుగా? దిష్టి తీసే ఎర్రనీళ్ళు అలాగే కలుపుతాం. ఊళ్ళో ఏ పెళ్ళికైనా ఆ నీళ్ళు కలిపే చెయ్యి అచ్చియ్యమ్మదే. అయినా కంగారులో మర్చిపోయింది. ఇంతకుముందు ఆవిడ బొమ్మలు వేసిన గోడలన్నీ మట్టిగోడలే మరి.

తడిగుడ్డతో తుడిచింది. మొహం ఇంకా ఎర్రనైంది, కనుబొమ్మలు రెండూ కలిసి ముడిపడ్డాయి. పైన ఇంకాస్త పసుపు రాసింది. అదీ ఎర్రబడింది. అప్పుడు ఇంక లాభం లేదని, అంతా చెరిపేద్దామని సున్నం కుండలో పెద్ద కుంచె ముంచింది.

అంతలో తాత అరిటాకుల కట్టతో గుమ్మంలోకి వచ్చాడు. కాళ్ళనిండా బురద.

"చూడకు బాబాయ్, చెడిపోయింది," అంది అచ్చియ్యమ్మ. ఏడుపొచ్చేసింది.

తాత గోడకేసి చూశాడు. గడప మీద పెట్టిన కాలు మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు.

"కడుక్కునే వస్తానులేవే," అన్నాడు, గోడతో.

బురద కాళ్ళతో లోపలికొస్తే వెంకాయమ్మ అలాగే చూసేదట, నలభై ఏళ్ళూ. తాత నూతి దగ్గరికి వెళ్ళి, మడమలు కూడా రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి, గోడ ముందు కూర్చున్నాడు.

"ఇదేనమ్మా మీ పిన్ని. నేను నవ్వుమొహం కోసం వెతుక్కుంటున్నాను ఇన్నాళ్ళూ. నాకెప్పుడు నవ్వు చూపించింది గనక?" అన్నాడు. అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

అచ్చియ్యమ్మ సున్నం కుంచె కుండలో పెట్టేసింది. మర్నాడు ఇంట్లో పిల్లి బొమ్మ వేసింది. గుమ్మడికాయలా వచ్చింది. బెంగపెట్టుకుంది, చెరిపింది, మళ్ళీ వేసింది.

కథేమో కంచికి,
కుంచేమో సంచికి,
కళ్ళు మూసుకుని నువ్వేమో నిద్దరకి.