ఆచారి మెరుగు పెట్టిన రాగితీగ

వినుకొండ కంసాలి బజారులో, ఎదుటివాడి మాట సగంలో ఉండగానే "తెలుసులే" అనేసే మౌనాచారి అనే కంసాలి ఉండేవాడు. పేరులో ఉన్న మౌనం ఆయన నోటిదాకా ఎప్పుడూ రాలేదు. దారి చెప్పబోయినవాడికీ, మందు ఎలా వేసుకోవాలో చెప్పబోయిన డాక్టరుకీ ఆయన ఇచ్చే జవాబు అదొక్కటే. ఆ దారిన పోయి వేరే ఊళ్లో తేలిన రోజులూ ఉన్నాయి, అది వేరే కథ.

చెయ్యి మాత్రం బంగారమే. కమ్మచ్చు చిల్లుల్లోంచి తీగ లాగితే వెంట్రుక కూడా సిగ్గుపడేది. ఏం లాభం? ఊళ్లోకి రెడీమేడ్ నగల కొట్లు వచ్చాయి. ఆచారి కుంపటి వారానికోసారి వెలిగితే గొప్పయింది. అప్పుడు ఆయన భార్య కామాక్షమ్మ ఒక గ్రైండరు కొని, పిండి రుబ్బి ఇళ్లకు పొయ్యడం మొదలుపెట్టింది. ఆ గ్రైండరు తిరుగుతుంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఒకరోజు ఆవిడకు ఒక పెళ్లివారి నుంచి మొదటిసారి కబురొచ్చింది. ఎల్లుండి పొద్దున విడిదింట్లో ఇడ్లీలకు పిండి కావాలన్నారు. కామాక్షమ్మ సంబరపడి గంగాళం నిండా మినప్పప్పు నానబోసింది. మర్నాడు పొద్దున్నే గ్రైండరు మీట నొక్కింది. అది ఒక్క మూలుగు మూలిగింది, కాలిన వాసన కొట్టింది, ఆగిపోయింది.

కామాక్షమ్మ మొహం చిన్నబోయింది. సాయంత్రంలోగా రుబ్బితేనే తెల్లారేసరికి పిండి పులుస్తుందని, ఈ మొదటి పెళ్లికే మాట తప్పితే ఇక ఏ పెళ్లివారూ తన గడప తొక్కరని ఆవిడ బాధ.

ఆచారి మోటారు ఊడదీసి, చంకన పెట్టుకుని మస్తాన్‌వలి కొట్టుకు వెళ్లాడు. ఆ చుట్టుపక్కల మోటార్లకు తీగ చుట్టేవాడు వలి ఒక్కడే. ఖర్మ కొద్దీ మోపెడ్ మీంచి పడి, కుడి చేతికి పిండికట్టు వేయించుకుని కూర్చున్నాడు. మోటారు విప్పించి చూసి, లోపలి రాగిచుట్టలు కాలిపోయాయని తేల్చాడు. తన చెయ్యి పనికిరాదు కాబట్టి, ఇక్కడే కూర్చుని చుట్టమని, తాను పక్కనుండి చెబుతానని అన్నాడు.

ఈ వయసులో ఇంకొకరి కొట్లో కూర్చుని పని నేర్చుకోవడమా? ఆచారికి అది గొంతు దిగలేదు. ఏ చుట్ట ఎక్కడిదో, ఎంత లావో మాత్రం కళ్లతోనే పట్టేసి, కొత్త తీగ ఉండ అందుకుని లేచాడు.

"ఉండు ఆచారీ, చుట్టడం అయ్యాక కొసలు..." అన్నాడు వలి.

"కొసలు మెలెయ్యాలి. తెలుసులే" అన్నాడు ఆచారి, అప్పటికే మెట్టు దిగుతూ.

ఇంటికొచ్చి చుట్టాడు. ఎలా చుట్టాడనుకున్నారు! కాసులపేరు అల్లినట్టు, పోగు పక్కన పోగు ఒరుసుకునేటట్టు చుట్టాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా వచ్చి, ఇది మెడలో వేసుకునేదా అని అడిగారట. కొసలు ముడివేసి, మోటారు బిగించి, మీట నొక్కాడు.

ఏమీ లేదు. మూలుగు లేదు, వాసన లేదు. నల్లరాయిలా కూర్చుంది.

ఆచారి మీట ఆర్పి మళ్లీ నొక్కాడు. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. కరెంటు పోయిందేమోనని చూస్తే లైటు వెలుగుతోంది. మోటారుకు చెవి ఆనించి విన్నాడు. ఆయనకు బుర్ర తిరిగిపోయింది. రాగి కదా, కరెంటు రాగిలోంచి పరిగెత్తుతుందని అందరికీ తెలుసు కదా, ఎర్రగా నిగనిగలాడుతూ ఎదురుగా కనిపిస్తోంది కదా. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి రాగితో మసలిన తనను ఈ గజం రాగి ఏడిపిస్తోందేమిటి?

కామాక్షమ్మ పప్పు వంక చూసి, వలిని అడిగి రాకూడదా అంది. ఆచారి గొణుక్కుంటూ వెళ్లాడు.

వలి విని నవ్వాడు. "కొసలు మెలేసే ముందు ఏం చెయ్యాలో చెప్పబోతుంటే వెళ్లిపోయావు. ఆ తీగ బోసిగా ఉందనుకున్నావా? దానిమీద ఎనామిల్ పూత ఉంది ఆచారీ. ఉల్లిపొర కన్నా పల్చన, నీళ్లలా తేట, కంటికి ఆనదు. దాన్ని గీకాలి. అయితే గీకేది..."

"పూత తియ్యడం కంసాలికి నేర్పుతావటయ్యా? తెలుసులే" అన్నాడు ఆచారి. వాడి నోట్లో మిగిలిన మాట నోట్లోనే ఉండగా వీధి మలుపు తిరిగేశాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది ఆయనకు. పూతేగా! ఇన్నాళ్లకు తన విద్యతో పనిపడింది.

చుట్టలన్నీ విప్పాడు. కుంపటి రాజేసి తీగంతా అందులో ఎర్రగా కాల్చాడు. ఇల్లంతా పొగ, ముక్కులు పగిలే కంపు. తర్వాత చింతపండు పులుసులో ఉడికించి, కుంకుడు రసం పోసి, కుంచెతో అంగుళం అంగుళం తోమాడు. కామాక్షమ్మకు అనుమానం వచ్చింది. మొత్తం తీసెయ్యమనే చెప్పాడా అని అడిగింది.

"సగం మెరిసి సగం మాసిన నగ ఈ చేతి నుంచి ఎప్పుడైనా బయటికి వెళ్లిందా?" అన్నాడు ఆచారి.

తీగ పెళ్లికూతురి గొలుసులా తయారైంది. మళ్లీ అంత ముచ్చటగానూ చుట్టి, బిగించి, ఈసారి భార్యను పక్కన నిలబెట్టి మరీ మీట నొక్కాడు.

ఢామ్మని ఒక చప్పుడు. ఫ్యూజు ఎగిరిపోయింది, లైటు ఆరిపోయింది, మోటారులోంచి సన్నటి పొగ తీరిగ్గా పైకి లేచింది.

ఆచారి అరుగు మీద కూలబడ్డాడు. పూత ఉంచితే కదల్లేదు. పూత తీస్తే కాలిపోయింది. ఉండటమూ తప్పే, ఊడటమూ తప్పే అయితే, ఇక ఆ పూతను ఏం చెయ్యాలి? ఎటు నుంచి ఆలోచించినా తిరిగి తిరిగి మొదటికే వస్తోంది. బంగారానికి ఇంత మాయ లేదు. లోపల కామాక్షమ్మ గంగాళం మూత తీసి చూసి, మళ్లీ పెడుతోంది. ఆ మూత చప్పుడు ఆయనకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

మూడోసారి వలి కొట్టుకు వెళ్లి, కాలిన చుట్టను బల్లమీద పెట్టి కూర్చున్నాడు. వలి "తెలుసులే" కోసం కాసేపు ఎదురుచూశాడు. అది రాకపోయేసరికి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

"చెప్పు వలీ. మొత్తం చెప్పు" అన్నాడు ఆచారి.

వలి చెప్పాడు. "గీకేది కొసలే ఆచారీ, గోరంత మేర. కరెంటు లోపలికొచ్చే చోట, బయటికి పోయే చోట. మిగతా తీగకు పూత ఉండాల్సిందే. వీధిలో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, మధ్య గోడలున్నాయి కాబట్టే మనిషి వీధంతా తిరిగి వస్తాడు. గోడలు కూల్చేస్తే? ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి అడ్డంగా పడి పోతాడు. నీ కరెంటు అదే చేసింది. గుమ్మం తెరవమంటే నువ్వు గోడలన్నీ కూల్చావు."

ఆచారి కాలిన చుట్టను అటూ ఇటూ తిప్పాడు. పొద్దుటి నుంచి బుర్రలో పడ్డ చిక్కుముడి ఒక్క లాగుకు విడిపోయింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అన్నాడు నీరసంగా.

"చెప్పాను. సగం నీకు చెప్పాను, మిగతా సగం నువ్వు వెళ్లాక గోడకు చెప్పుకున్నాను" అన్నాడు వలి.

అంతా తెలిసింది గానీ తీగ మిగల్లేదు. కొత్త తీగ నరసరావుపేట నుంచి రావాలి, అది రేపో ఎల్లుండో జరిగే మాట. ఇక్కడ చూస్తే పొద్దు వాలుతోంది, పప్పు ఉబ్బి గంగాళం అంచు దాటుతోంది.

ఇక మిగిలింది పెరట్లోని రుబ్బురోలు. గ్రైండరు వచ్చిన దగ్గర్నుంచి దానిమీద కోళ్లు కూర్చుంటున్నాయి. ఆచారి దాన్ని కడిగి, పంచె ఎగ్గట్టి, పొత్రం పట్టుకున్నాడు. కామాక్షమ్మ చేత్తో పప్పు తీసుకుని, "ఒక్కసారే కుమ్మరించకూడదు. గుప్పెడు వేసి, నీళ్లు చిలకరించి..." అని మొదలుపెట్టింది.

"తెలు..." అన్నాడు ఆచారి.

ఆవిడ చెయ్యి ఆగింది. ఆచారి నోరు కూడా ఆగింది. మిగిలిన ముక్క మింగేసి, "చిలకరించి?" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి కామాక్షమ్మ ఒక మాటను మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆగాలో, పిండి వెన్నలా అయిందని దేన్నిబట్టి తెలుసుకోవాలో అన్నీ చెప్పింది. ఆచారి "ఊఁ" కొడుతూ విన్నాడు, విన్నది విన్నట్టు చేశాడు. ఆయన అలిసినప్పుడు ఆవిడ, ఆవిడ అలిసినప్పుడు ఆయన. దీపాలు పెట్టే వేళకు గంగాళం నిండా పిండి పొంగు మీదుంది. పెళ్లివారు ఇడ్లీలు తిని, ఇంత మెత్తటి పిండి ఏ యంత్రానిదని కబురు చేశారు. ఆ యంత్రం అప్పటికి చెయ్యెత్తి గ్లాసు పట్టుకోలేక మంచమెక్కి ఉంది.

రెండు రోజుల తర్వాత తీగ వచ్చింది. ఆచారి వలి కొట్లోనే కూర్చుని చుట్టాడు. కొసలు మాత్రం గరుకు కాగితంతో గోరంత గీకి, ముడివేసి, ఇంటికి తెచ్చి బిగించి, మీట నొక్కాడు. గ్రైండరు బుద్ధిగా తిరిగింది.

అందుకే పెద్దలైనా పిల్లలైనా ఇది గుర్తుపెట్టుకోండి: మాటను కొసదాకా విననివాడికి చేతిలో ఎంత పనితనమున్నా, చేసే పని కొసకు రాదు.