ఖైరూన్‌బీ అడిగిన మాట

సుంకన్న నోరు తెరిస్తే ఎదుటివాడు జేబు తడుముకోవాల్సిందే. నంద్యాల సంతలో గొడుగుల అంగడాయనకే గొడుగు అమ్మిన మొనగాడు! మూడు వీధుల అవతల నిద్రపోయేవాణ్ణి లేపే గొంతు. ఇందులో అబద్ధముంటే మీసం గొరిగించుకుంటా.

అంతటివాడి అంగడీ మూతబడింది. ఇక బీమా ఏజెంటు లైసెన్సు వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. పదో తరగతి పాసయ్యాడు సరే, శిక్షణ తరగతులు పూర్తిచేస్తే గానీ పరీక్షకు కూర్చోనివ్వరు. తరగతులు చెప్పే మస్తాన్ వలీ సారును వెతుక్కుంటా ఆయన ఇంటికి పోయినాడు సుంకన్న. అట్లాంటి గురువు దొరకాలంటే ఏడు జన్మల పుణ్యముండాల!

"సారూ, అమ్మడం నాకు ఒకరు నేర్పాల్నా? తరగతులకు వచ్చినట్టు సంతకం పెట్టేయండి."

సారు నవ్వాడు. "ముందు నాకొక పాలసీ అమ్మప్పా, చూస్తాం."

సుంకన్న అందుకున్నాడు. ఏం మాటలవి! గోడమీది బల్లి సైతం పురుగును వదిలేసి వినింది.

"నాకు చక్కెర జబ్బుంది కదా?" అన్నాడు సారు.

"ఎవరికి లేదు సారూ! అది చెప్పొద్దండి, ప్రీమియం పెంచుతారు. నేను చూసుకుంటా కదా."

"సరే, తీసుకున్నా." సారు బెంచీ మీద వెల్లకిలా పడుకుని, భుజం మీది తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. "ఇప్పుడు నేను చచ్చిపోయినాననుకో. ఖైరూన్! ఇట్ల రా. మన ఏజెంటు వచ్చినాడు."

"తూ! అవేం మాటలు?" అంటూ సారు భార్య ఖైరూన్‌బీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటా, నవ్వుతా వచ్చింది. సుంకన్న గొంతుకు లోపల అంతా వినబడే ఉంది. కదలని తువ్వాలు చూసేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది.

"నాయనా సుంకన్నా, జబ్బు దాచినారని బీమా కంపెనీవాళ్లు డబ్బు ఇచ్చేది లేదంటున్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదే! ఎవరు దాచమన్నారు?"

కుందూ నది వరదలో కొట్టుకుపోయేవాడు గట్టు వెతికినట్టు సుంకన్న గుమ్మం దిక్కు చూశాడు.

"చెప్పప్పా," తువ్వాలు కింద నుంచి వినబడింది. "అడుగుతా ఉంది కదా."

సుంకన్న లేచి ఆమెకు చేతులు జోడించాడు. కండ్లలో నీళ్లు.

"అమ్మా, నిజంగా ఏ తల్లో అడగకముందే మీరడిగినారు. ఈ మేలు మరిచిపోను."

తర్వాత సారు దిక్కు తిరిగి, ఆయనకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగాడు.

"క్లాసు ఎప్పటినుంచి సారూ?"

సారు తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు.

"మొదలయింది కదప్పా."