పెట్టెలో దాగిన బావుల గుట్టు

అనగనగా ఒక ఎండల రాజ్యం. అక్కడ ఏరు లేదు, వాగు లేదు, ఉన్నవల్లా బావులే. ఏ బావి నీళ్లు మంచివో, ఏవి విషమో చూసి రమ్మని రాజుగారు ఏటా వైద్యులను ఊరూరికీ పంపేవారు. వాళ్లు చూసొచ్చిందంతా తాటాకుల మీద రాయించేవారు. రాశాక ఏం చేసేవారంటారా? లక్కముద్ర వేసి ఇనప్పెట్టెలో దాచేవారు! చోద్యం కాకపోతే, నీళ్లు తాగేవాళ్లకు తెలియని నీళ్ల సంగతి ఎవరికోసమర్రా?

ఆ తాటాకులు రాసేవాడు ఓబన్న. మాట తప్పని మనిషి. పెట్టెలోని మాట పెదవి దాటనివ్వనని కొలువులో చేరిననాడే రాజుగారి కత్తి ముట్టి ప్రమాణం చేశాడు.

కానీ రాస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. ఉండబట్టలేక మంత్రిని అడిగాడు: "అయ్యా, ఈ సంగతి దండోరా వేయించకూడదా?"

"జనం బెదిరిపోతారోయ్!" అన్నాడు మంత్రి.

సేనాపతిని అడిగాడు. "శత్రువు చెవిన పడితేనో? నోరు మూసుకో" అన్నాడాయన.

చివరికి రాజునే అడిగాడు. రాజు మెత్తనివాడు. "అలాగే చాటిద్దాం ఓబన్నా. అన్ని బావులూ చూడటం పూర్తి కానీ" అన్నాడు. రోజుకో కొత్త బావి తవ్వే రాజ్యంలో అది ఎప్పటికి పూర్తయ్యేను?

ఇలా ఉండగా ఒకనాడు చెల్లెలు సుంకమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చింది.

"అన్నా, మా ఊరి బావి ఎండిపోయింది. రేగడిపల్లెకు పోతున్నాం. అక్కడి నీళ్లు మంచివేనా? రాసేది నువ్వేనటగా!"

ఆ బావి విషమని ఓబన్న తన చేత్తో రాసి నెలైనా కాలేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ప్రమాణం గుర్తొచ్చి తల వంచుకున్నాడు.

సుంకమ్మ నవ్వేసింది. "చెడ్డవైతే మా అన్న చెప్పకుండా ఉంటాడా!" అంటూ వెళ్లిపోయింది.

ప్రమాణం నుంచి విడిపించమని వేడుకోవడానికి ఓబన్న కోటకు పరుగెత్తాడు. రాజు వేటకెళ్లాడన్నారు. మూడు రోజులు వాకిట్లోనే పడిగాపులు పడ్డాడు. నాలుగోనాడు రాజు రాలేదు, రేగడిపల్లె నుంచి కబురొచ్చింది. బిడ్డ పోయింది.

ఓబన్న వెళ్లేసరికి సుంకమ్మ ఖాళీ ఉయ్యాల పక్కన కూర్చుని ఉంది.

"నీకు తెలుసా అన్నా?"

"తెలుసమ్మా" అన్నాడు ఓబన్న.

ఆమె ముఖం తిప్పుకుంది. అయ్యో, ఒక్క తిట్టు తిట్టినా అతనికి కాస్త ఊరట కలిగేది!

తిరిగొచ్చి ఓబన్న ముద్ర పగలగొట్టాడు. కోట గుమ్మంలో నిలబడి ఒక్కో ఊరి పేరూ, ఒక్కో బావి గుణమూ గొంతెత్తి చదివాడు. భటులు అతన్ని వేటనుంచి తిరిగొచ్చిన రాజు ముందుకు ఈడ్చుకుపోయారు.

"ప్రమాణం తప్పాడు, శిక్షించండి ప్రభూ!" అన్నాడు మంత్రి.

"శిక్షించండి" అన్నాడు ఓబన్న. "తప్పనందుకు పడిన శిక్షకన్నా పెద్దది మీ దగ్గర లేదు."

బిడ్డ సంగతి విని రాజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆనాటినుంచి తాటాకులు సంతలో అందరి ఎదుటా పెట్టించాడు. ఎవరైనా చదవచ్చు, రాసుకుపోవచ్చు. ప్రతి బావి గట్టునా దాని గుణం చెక్కించాడు. ఎన్నో ఇళ్లలో పసివాళ్లు బతికి బట్టకట్టారు. ఊరూరా ఓబన్నను దీవించారు. సుంకమ్మ మాత్రం మళ్లీ అన్నతో మాట్లాడలేదు.

ప్రజల కోసం తెలుసుకున్నది ప్రజలకు చెప్పి తీరాలి. సమయానికి చెప్పని నిజం అబద్ధంకన్నా ఎక్కువ కీడు చేస్తుంది.