పాదాల దగ్గర దుప్పటి

ఓబులేసు బాధ ఒక్కటే. మూడేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నా, ఎస్తేరమ్మ అతన్ని పాఠం చెప్పనివ్వడం లేదు.

ఎస్తేరమ్మ ఆ కొండకింది ఆసుపత్రిలో నర్సింగ్ స్కూలుకి పెద్ద. ఓబులేసు పదిహేడేళ్ళు సైన్యంలో ఉండి, హవల్దారుగా రిటైరై, నెరిసిన మీసంతో పిల్లల మధ్య కూర్చుని ఆమె దగ్గరే నర్సింగ్ చదివాడు. ఒకప్పుడు మంచుకొండల మీద తోటివాడొకడు అతని చేతుల్లోనే పోయాడు. ఏం చేయాలో ఆ రోజు తనకు తెలియలేదన్న దుఃఖమే అతన్ని ఇక్కడిదాకా తెచ్చింది. తెలియనివాళ్ళకు నేర్పితే తప్ప అది తీరదనుకున్నాడు.

పనిలో అతనికి వంక పెట్టడం కష్టం. బారక్సులో తనిఖీ ఉన్న పూట పక్క ఎట్లా పరిచేవాడో, వార్డులోనూ అట్లాగే పరిచేవాడు. దుప్పటి మీద ఒక్క మడత ఉండకూడదు. నాలుగు మూలలూ పరుపు కిందికి బిగించి దోపాడంటే ఏనుగు లాగినా రాదు.

చిక్కల్లా రోగులతోనే. ఏడో మంచం మీది తాత మరీనూ. అంత శ్రద్ధగా దోపిన దుప్పటిని కాళ్ళతో తన్ని లాగేసేవాడు. ఓబులేసు రోజుకు మూడుసార్లు మళ్ళీ దోపేవాడు.

సోమవారం కొత్త బ్యాచి వస్తోందని తెలిశాక, ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక ఎస్తేరమ్మ గదికి వెళ్ళాడు.

"మేడమ్, ఈసారైనా క్లాసు నాకిస్తారా? నా పనిలో తప్పుంటే చెప్పండి."

"తప్పని నేనన్నానా నాయనా? ఆ ఏడో నంబరు తాత ఎందుకు తంతున్నాడో అది చెప్పు."

"మొండితనం మేడమ్. నేను పరిచిన పక్కలు రోగులే పాడుచేస్తున్నారు."

ఎస్తేరమ్మ నవ్వలేదు. పాఠాల గదిలో ఖాళీగా ఉన్న మంచం దగ్గరికి తీసుకెళ్ళి, పక్క వెయ్యమంది. ఓబులేసు తన విద్యంతా చూపించాడు.

"చెప్పులు విడిచి పడుకో."

పడుకున్నాడు. ఆమె దుప్పటి కప్పి, అంచులన్నీ అతను దోపినట్టే బిగించి దోపింది. "నేనొచ్చేదాకా లేవకు" అని వెళ్ళిపోయింది.

బయట సన్నటి జల్లు. కొండ మీది మబ్బు కిటికీ దాకా దిగి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఆగింది. తెర మెల్లగా లేచి పడుతోంది. ఇది ఓర్పుకు పరీక్ష అనుకుని ఓబులేసు కదలకుండా పడుకున్నాడు. కాసేపటికి కళ్ళు మూతలు పడ్డాయి.

గది తెల్లబడింది. దుప్పటి మంచుగా మారింది. మళ్ళీ ఆ పాత కొండ మీదే ఉన్నాడు. ఎదురుగా తోటివాడు చెయ్యూపి పిలుస్తున్నాడు, ఏ తొందరా లేకుండా, టీకి పిలిచినట్టు. వెళ్దామంటే పాదాలు రావడం లేదు. మంచు మెత్తగానే ఉంది కానీ కాలివేళ్ళ మీద బరువుగా కూర్చుంది. ఓబులేసు బలమంతా పెట్టి తన్నాడు.

కళ్ళు తెరిచేసరికి దుప్పటి నేల మీద ఉంది. పాదాలు రెండూ చల్లటి గాలిలో హాయిగా ఉన్నాయి. తలుపు దగ్గర ఎస్తేరమ్మ నిలబడి ఉంది.

"ఎంతసేపయింది మేడమ్?"

"ఇరవై నిమిషాలు" అందామె. "తాత పడుకుని రెండు నెలలైంది."

ఓబులేసు లేచి వార్డులోకి నడిచాడు. అతన్ని చూడగానే తాత కాళ్ళు ముడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ అది తన కంటపడనందుకు ఓబులేసుకి సిగ్గేసింది. దుప్పటి పైకి లాగి, పాదాల దగ్గర గుప్పెడు మడత వదిలి, వదులుగా దోపాడు. తాత లోపల కాలివేళ్ళు కదిపి చూసుకున్నాడు.

"ఇయ్యాల బిగించేది మర్చిపోయినావా?" అన్నాడు అనుమానంగా.

"మర్చిపోయినా తాతా."

వెనక నుంచి ఎస్తేరమ్మ వచ్చి కొత్త బ్యాచి హాజరు పట్టీ అతని చేతిలో పెట్టింది.

"మొదటి రోజు ఏం పాఠం చెప్పమంటారు మేడమ్?" అన్నాడు ఓబులేసు.

"ఏం చెప్పకు. పక్కలు వేయించి, ఎవరు వేసిన పక్క మీద వాళ్ళని పడుకోబెట్టు."