తోడల్లుడి బండిలో ఆయిల్

ఎస్.కోటలో ఎరువుల కొట్టు నడిపే దాలినాయుడికి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ, తోడల్లుడు పచ్చగా ఉంటే చూడగలిగే కళ్ళు మాత్రం ఇవ్వలేదు.

ఆ తోడల్లుడి పేరు సత్యంనాయుడు. దాలినాయుడి భార్య నారాయణమ్మకి సొంత చెల్లెలి మొగుడు. ఉండేది అదే ఊళ్ళో, ఉద్యోగం విశాఖపట్నంలో. రోజూ కారులో వెళ్ళివచ్చేవాడు. నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోయే మనిషి కాదు. దాలినాయుడి బాధంతా అదే. తిట్టడానికి ఒక్క వంక దొరికేది కాదు. సత్యం మేడ వేస్తే దాలినాయుడికి వారం రోజులు అన్నం సయించలేదు. సత్యం కూతురికి బడిలో బహుమతి వస్తే, తన పిల్లల్ని వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. అత్తవారింట్లో పంక్తిలో కూర్చున్నా తన విస్తరి చూసుకొనేవాడు కాదు. సత్యం విస్తట్లో గారెలు ఎన్ని పడ్డాయో చూసేవాడు. తన గారెలు చల్లారిపోయేవి పాపం.

ఇలా ఉండగా సత్యం టర్బో డీజిల్ కారు కొన్నాడు. అత్తగారు దానికి హారతిచ్చి, బొట్టు పెట్టి, "చిన్నల్లుడు చల్లగా తిరగాలి" అంది. ఆ మాట చెవిన పడగానే దాలినాయుడు మిట్టమధ్యాహ్నం కొట్టు కట్టేసి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నెల తిరక్కుండా అదే కారు, అదే టర్బో, కాకపోతే పైకప్పులో అద్దం కిటికీ ఉన్నది కొన్నాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇదే.

సత్యానికి రోజూ హైవే మీద పని ఉంది. ఇతగాడికి ఏం పని? ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి టీ బడ్డీకి. నడిస్తే చెమటైనా పట్టని దూరాలు. ఆ దుమ్ములో అక్కడో నిమిషం, ఇక్కడో నిమిషం తిప్పి ఆపేసేవాడు. లేదంటే కొట్టు ముందు ఏసీ వేసుకుని, ఇంజన్ ఆపకుండా అలాగే కూర్చునేవాడు. దారినపోయేవాళ్ళు బండి చూడాలి కదా మరి.

రెండు వేసవులు గడిచాయి. అప్పుడు బావమరిది గణపతికి పెళ్ళి కుదిరింది. అమ్మాయి వాళ్ళది అరకు. పెళ్ళి కూడా అక్కడే. దాలినాయుడి మామగారు రామినాయుడికి పట్టింపులు ఎక్కువ. వాళ్ళింట్లో పెళ్ళికొడుకు ఎక్కిన బండిని పెద్దల్లుడే తోలాలి. ఆయన పెళ్ళికి ఎడ్లబండి తోలింది వాళ్ళింటి పెద్దల్లుడేనట. ఈ సంగతి ఆయన నలుగురిలో చెప్పినప్పుడు దాలినాయుడి ఛాతీ రెండింతలైంది. అరకులో ఆడపెళ్ళివారంతా వాకిట్లో నిలబడి ఉంటారు. ముందు తన కారు ఆగుతుంది. వెనకాల ఎక్కడో దుమ్ము తింటూ సత్యం బండి వస్తుంది. అది తలచుకుంటేనే అతనికి కడుపు నిండిపోయేది.

ఒకరోజు నారాయణమ్మ గుర్తు చేసింది. సర్వీసు వాళ్ళు మళ్ళీ ఫోను చేశారనీ, ఆయిల్ మార్చే గడువు ఎప్పుడో దాటిపోయిందన్నారనీ చెప్పింది. కిలోమీటర్లు నిండలేదు, వాళ్ళకేం, గిరాకీ కావాలి కాబట్టి చెబుతారు అని దాలినాయుడు కొట్టిపారేశాడు. కిలోమీటర్లు నిండకపోతేనేం, కొన్నప్పటి నుంచీ ఒకే ఆయిల్ కదా అని ఆవిడ గొణిగింది. అతను వినిపించుకోలేదు.

ఆ ఆదివారం పెళ్ళి పనులు మాట్లాడుకోవడానికి అందరూ అత్తవారింట్లో కలిశారు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు సత్యం మెల్లగా అడిగాడు.

"అన్నయ్యగారూ, అంత ఘాట్ ఎక్కాలి కదా. బండికి ఆయిల్ మార్పించారా?"

"ఎందుకు? నీ బండికి మార్పించావా?"

"మార్పించానండి. టర్బో బండి కదా, అశ్రద్ధ చేస్తే ఊరుకోదు."

అంతటితో ఆగితే బాగుండేది. మామగారు కుతూహలం కొద్దీ ఆ టర్బో అంటే ఏమిటి బాబూ అని అడిగారు. సత్యం విడమరిచి చెప్పాడు. ఇంజన్ లోంచి వచ్చే వేడి పొగ తోస్తే తిరిగే చిన్న చక్రం అది. ఊహకందని వేగంతో తిరుగుతుంది. దాన్ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ పాతబడి ముద్దకట్టిందంటే ముందు పోయేది ఆ చక్రమే. అందుకే కంపెనీ పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లు గానీ, చెప్పిన గడువు గానీ, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. దుమ్ములోనూ దగ్గర దూరాలకీ తిరిగే బండికైతే అంతకన్నా ముందే మార్చాలి. ఇదీ సత్యం చెప్పింది.

దాలినాయుడికి ఇందులో ఒక్క ముక్క కూడా ఆయిల్ గురించి వినబడలేదు. మామగారి ముందు నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నాడు అన్నదే వినబడింది. దుమ్ములో తిరిగే బండి అన్నది తన బండినే అని కూడా అర్థమైంది. లోపల భగభగ మండింది. మార్పించానంటాడే, నిజంగా మార్పించాడా? గొప్పలకి చెబుతున్నాడా? అదేదో తేల్చుకోవాలి అనుకున్నాడు.

సత్యం కాస్త నడుం వాల్చాడు. బండి ఎండలో ఉంది, నీడలో పెడతానని చెప్పి దాలినాయుడు తాళం చెవి తీసుకున్నాడు. పెద్దల్లుడు చిన్నల్లుడి బండిని నీడలో పెట్టడమా! అత్తగారు ఎంత మురిసిపోయిందో. అతను బండిని పెరటివైపు తీసుకెళ్ళి, అటూ ఇటూ చూసి, బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగాడు. చిరిగిన పేపరు ముక్క మీద రాసి చూశాడు. ఆయిల్ కాటుకలా నల్లగా ఉంది. దాలినాయుడి ముఖం మాత్రం తెల్లగా వెలిగిపోయింది.

అతను తన బండి ఆయిల్ కూడా అంతకుముందు చూసుకున్నాడు. అదీ నల్లగానే ఉంది. రెండూ నలుపే. పైగా సత్యం బండి తన బండికి ఎన్నో రెట్లు తిరిగింది. అయినా వాడే మార్చలేదు, అబద్ధాలకోరు, నాకు చెప్పొచ్చాడు అనుకున్నాడు. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. దాలినాయుడికి తన నలుపు తెలుసు. ఎదుటివాడి నలుపు కనబడేసరికి తనది తెలుపైపోయిందనుకున్నాడు. అంతే తేడా. ఆ సాయంత్రం అడిగి మరీ రెండుసార్లు పాయసం పోయించుకున్నాడు.

ఇంటికొచ్చాక నారాయణమ్మ మళ్ళీ ఆయిల్ ఊసెత్తితే, "నీ మరిది మార్చిన రోజున నేనూ మారుస్తాను. వాడికన్నా ముందు మారిస్తే వాడి మాటకి తలొగ్గినట్టే" అన్నాడు.

పెళ్ళిరోజు వచ్చింది. చుట్టాలంతా బస్సులో ముందే వెళ్ళిపోయారు. సత్యం భార్య కూడా అందులోనే వెళ్ళింది. బంతిపూల దండలు కట్టిన దాలినాయుడి కారులో పెళ్ళికొడుకు, మామగారు, నారాయణమ్మ ఎక్కారు. వెనకాల సత్యం తన కారులో అత్తగారిని, పెళ్ళి సామాన్లని ఎక్కించుకుని బయల్దేరాడు. ఘాట్ మొదలయ్యే దాకా అంతా బాగానే ఉంది. మొదటి మలుపు తిరగ్గానే దాలినాయుడు అద్దంలోకి చూశాడు. సత్యం బండి ఆయాసం లేకుండా ఎక్కుతోంది. తన బండే బరువుగా లాగుతోంది. అతను కాలు గట్టిగా నొక్కాడు. బండి ముందుకి దూకింది. మళ్ళీ అద్దంలోకి చూశాడు. సత్యం బండి అలాగే ఉంది, ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉంది.

కొంత ఎక్కేసరికి ఇంజన్ లోంచి సన్నగా ఈల లాంటి కూత మొదలైంది. వెనకాల నీలంగా పొగ లేచింది. స్టీరింగు ముందున్న ఎర్ర దీపం వెలిగింది. మామగారు అదేమిటని అడిగితే ఏమీ లేదన్నాడు. గణపతికి అనుమానం వచ్చింది.

"బావా, ఒక్కసారి ఆపు బావా."

"ఆపితే వాడు ముందుకి పోతాడు."

ఆ మాట నోరు జారి వచ్చింది. కారులో అందరూ విన్నారు. దాలినాయుడు ఇంకా గట్టిగా నొక్కాడు. కూత కాస్తా కేకైంది, తర్వాత లోపల ఏదో ఫట్‌మంది. ఇంజన్ బిగుసుకుపోయి, బండి సరిగ్గా మలుపులో ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్ళీ కదల్లేదు.

సత్యం వచ్చి ఆపాడు. ముహూర్తం దగ్గరపడుతోంది. పెళ్ళికొడుకు బుగ్గచుక్క చెమటకి కారిపోతోంది. రామినాయుడు కొండల వైపు తిరిగి దండాలు పెడుతున్నాడు. సత్యం బానెట్ ఎత్తి చూసి, ఆయిల్ సంగతి అడిగాడు. దాలినాయుడికి ఒళ్ళు మండింది.

"నన్నడుగుతావేం? నీ బండిలోనూ నల్లగానే ఉంది కదా!"

"మీరెప్పుడు చూశారు?"

ఆ రోజు బండి నీడలో పెట్టడం వెనక అసలు సంగతి అత్తగారికి అప్పుడు అర్థమైంది. ఆవిడ పెద్దల్లుడి ముఖం చూడలేక కొంగు సర్దుకుంది.

"ఆ ఆదివారానికి ముందు వారమే మార్పించానన్నయ్యా" అన్నాడు సత్యం. "డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ కూడా నాలుగు రోజులకే నల్లబడిపోతుంది. రంగు చూస్తే ఏం తెలుస్తుంది? పోసి ఎన్నాళ్ళైందో చూడాలి."

అప్పుడు సత్యం తన బండి తాళం చెవి తీసి దాలినాయుడి చేతిలో పెట్టాడు. మలుపులో బండి వదిలేస్తే ఎవరో ఒకరు వచ్చి గుద్దుతారు, తను ఇక్కడే రాళ్ళు పెట్టి కాపలా ఉంటానన్నాడు. ఉండాల్సింది నేను అని దాలినాయుడు గొణిగాడు.

"మామయ్యగారింట్లో పెళ్ళికొడుకు బండి పెద్దల్లుడే తోలాలి. ఆలోచించకండి, ముహూర్తం దాటిపోతుంది" అన్నాడు సత్యం.

ఏం చేస్తాడు? పెళ్ళికొడుకునీ మామగారినీ నారాయణమ్మనీ అందులోకి ఎక్కించుకుని తోలాడు. సత్యం బండి ఆ కొండని అవలీలగా ఎక్కింది. ఎక్కినకొద్దీ దాలినాయుడు కుంగిపోయాడు. ఇన్నాళ్ళూ ఏ బండిని చూసి ఏడ్చాడో ఆ బండే అతని పరువు నెత్తిన పెట్టుకుని మోస్తోంది.

అరకులో సన్నాయి మోగుతోంది. అతను కోరుకున్నట్టే ఆడపెళ్ళివారంతా వాకిట్లో నిలబడి ఉన్నారు. అతను తోలిన బండే ముందు ఆగింది. పెళ్ళికూతురి తండ్రి ఎదురొచ్చి, "మీ బండి ఘాట్ భలే ఎక్కేసిందండీ పెద్దల్లుడుగారూ" అని మెచ్చుకున్నాడు. ఇంతలో సత్యం భార్య వచ్చి కారులోకి తొంగిచూసింది.

"బావగారూ, మా ఆయనేరీ?"

ఆ పిల్ల ముఖం చూసి దాలినాయుడు బండి దిగాడు. తమ్ముడి పెళ్ళికి మొగుడి పక్కన నిలబడాలని పట్టుచీర కట్టుకుని ఎదురుచూస్తోంది ఆ పిల్ల.

"బండి నాది కాదండీ, మా తమ్ముడు సత్యానిది" అన్నాడు అందరూ వినేలా. "నా బండిని నా ఓర్వలేనితనంతో నేనే చంపుకున్నాను. దానికి కాపలాగా అతన్ని కొండ మీద కూర్చోబెట్టి వచ్చాను."

అందరూ దిగాక అక్కడ నిలబడలేదు. బండి వెనక్కి తిప్పి ఘాట్ దిగాడు. సత్యం పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. పెళ్ళి కారుకి కట్టిన బంతిపూల దండల్ని కోతులు తాపీగా పీకుతున్నాయి. దాలినాయుడు తాళం చెవి అతని చేతిలో పెట్టి, తలవంచుకుని ఒక్క మాటే అన్నాడు.

"నువ్వు వెళ్ళు తమ్ముడూ. నీ భార్య చూస్తోంది. నా బండి, నేనుంటాను."

సత్యం మీరూ రండి అని ఎంత చెప్పినా వినలేదు. సత్యం వెళ్ళేసరికి తలంబ్రాలు పోస్తున్నారట. దాలినాయుడు మాత్రం బావమరిది పెళ్ళి చూడలేదు. సాయంత్రం దాకా కోతులతో కూర్చున్నాడు. తర్వాత మెకానిక్కు ఇంజన్ విప్పితే ఆయిల్ కారలేదు, తారులా ముద్దలు ముద్దలుగా జారింది. టర్బో చక్రం ఇరుసు దగ్గర విరిగి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేముంది? ఇంజన్ మొత్తం మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు కొట్టుకి వచ్చే రైతులెవరైనా, బండికి ఆయిల్ ఎన్నాళ్ళకోసారి మార్చాలి నాయుడుగారూ అని అడిగితే, నీ బండి పుస్తకం చూడు, నీ బండి తిరిగే దారి చూడు, పక్కింటి బండి జోలికి మాత్రం పోకు అని చెబుతున్నాడు.

పక్కవాడిలో లోపం వెతికి తృప్తిపడేవాడు తన లోపాన్ని దిద్దుకోడు. అసూయ వల్ల చెడేది ఎప్పుడూ అసూయపడేవాడి బండే.