ఎండుటాకు పరీక్ష

కొర్రగుట్ట అడవిలో జింకలు, కొండముచ్చులు, కుందేళ్ళు, నెమళ్ళు వాగు వెంబడి కలిసిమెలిసి ఉండేవి. కలిసిమెలిసి అంటే పోట్లాడుకోకుండా అని కాదు. పగలంతా పోట్లాడుకున్నా సాయంత్రానికి ఒకే రేవులో నీళ్ళు తాగేవి.

ఆ ఏడు ఎండాకాలంలో ఎక్కడినుంచో ఒక చిరుత వచ్చి గుట్ట మీద మకాం పెట్టింది. అది ఏ పున్నమికో అమావాస్యకో ఒకసారి వాగు దగ్గరికి దిగేది. భయం మాత్రం పూటపూటా దిగేది. ఆకు రాలితే చిరుత, గాలి వీస్తే చిరుత, ఎవరైనా తుమ్మితే చిరుత. కుందేళ్ళు మేత సగంలో వదిలేసి పరుగు తీసేవి. ఎందుకు పరిగెత్తాయో వాటికే తెలిసేది కాదు. నెమళ్ళు పురి విప్పడం మానేశాయి. అందరికీ ముక్కు మీదే కోపం.

ఆ అడవికి వైద్యురాలు సూదమ్మ అనే ముళ్ళపంది. వేళ్ళు తవ్వి తేవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. మనసులో గుబులు పుడితే ఆమె వీపు మీది ముళ్ళు వాటంతట అవే గలగలలాడేవి. దాచుకుందామన్నా దాగేవి కావు.

ఒకరోజు పొద్దున్నే కాటుక అనే చుక్కల జింక ఆమె కలుగు ముందు వచ్చి నిలబడింది. వెనకాల దాని పిల్ల ఉంది. పిల్ల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"అక్కా, నాకు పాలు పడటం లేదు," అంది కాటుక. "గడ్డి మింగుడు పడదు. కన్ను మూస్తే చిరుతే కనిపిస్తుంది. నా సంగతి సరే, దీని సంగతేంటి? ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నా బిడ్డ నాకు దక్కదు."

సూదమ్మ పిల్ల డొక్కలు తడిమి చూసింది. ముళ్ళు గలగలమన్నాయి.

"మందు చేస్తాను చెల్లీ. నువ్వు రోజూ వచ్చిపో," అంది.

చెప్పడానికైతే చెప్పింది గానీ, ఆ మందేమిటో ఆమెకే తెలియదు. దెబ్బకీ, జ్వరానికీ, తేలుకాటుకీ ఆమె దగ్గర మందుంది. భయానికి మందు కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఆ పూటే పని మొదలుపెట్టింది. పెన్నేరు గడ్డలు తవ్వింది. వాగు చెమ్మలో పాకిన సరస్వతి ఆకు తెంపింది. నీలం పూల విష్ణుక్రాంత తెచ్చింది. అన్నిటినీ నీడలో ఆరబెట్టింది. దంచడానికి భల్లయ్య అనే ఎలుగుబంటిని పిలిచింది. భల్లయ్యకి చేతుల్లో బలం ఉంది. నోట్లో అంతకంటే ఎక్కువ ఉంది.

"నా దెబ్బ పడందే ఏ మందూ మందు కాదు, తెలుసా?" అంటూ రాతి గుంటలో వేసి దబదబా దంచాడు.

దంచిన పొడిని సూదమ్మ పాత గిజిగాడి గూట్లో పోసి జల్లించింది. కింద పడిన మెత్తటి పొడిని ముందు తన నాలుక మీదే వేసుకుంది. ఆ పగలంతా తనను తాను గమనించుకుంటూ కూర్చుంది. కడుపులో తిప్పలేదు, కళ్ళు మసకబారలేదు. అప్పుడు చిటికెడు పొడి తేనెలో రంగరించి కాటుకకి ఇచ్చింది.

"ఏమీ తెలియట్లేదక్కా," అంది కాటుక మర్నాడు. ఆ మర్నాడు, "కాస్త కునుకు పట్టినట్టుంది, అంతే," అంది.

అడవికి ఓపిక ఎక్కడిది? "ఇంకా ఎన్నాళ్ళమ్మా?" అని కొండముచ్చులు కొమ్మల మీదనుంచి అరిచాయి. కుందేళ్ళు వచ్చి పోయి, పోయి వచ్చి ప్రాణం తీశాయి. మరోపక్క జింకపిల్ల అరుపు రోజురోజుకీ సన్నబడిపోతోంది. అది వింటుంటే సూదమ్మకి కాలు నిలవలేదు. కలుగు చుట్టూ తిరిగింది. ఆరిన ఆకుల్ని పనిలేకుండా తిరగేసింది. చివరికి ఉండబట్టలేక గుట్ట వెనక్కి పోయి సర్పగంధ వేరు తవ్వి తెచ్చింది. అది ఘాటైన వేరు. ఎంత ఆందోళననైనా ఒక్క దెబ్బతో అణిచేస్తుంది. దాన్ని భల్లయ్య చేత దంచించి పొడిలో కలిపింది. ఈసారి తాను నాలుక మీద వేసుకుని చూడటానికి కూడా ఆగలేదు.

ఆ మందు తిన్న కాటుక వాగు ఒడ్డున కాసేపు అరమోడ్పు కళ్ళతో నిలబడింది. తర్వాత వంగి మేయడం మొదలుపెట్టింది. కడుపారా మేసింది. నీళ్ళు తాగి, పడుకుని, తీరిగ్గా నెమరు వేసింది. పొద్దువాలేసరికి పాలు చేపింది. పిల్ల ముట్టెతో కుమ్ముతూ చుక్క మిగల్చకుండా తాగింది.

"చూశారా నా దంచుడు!" అని భల్లయ్య గంతులేశాడు. అడవంతా పండగ చేసుకుంది.

సూదమ్మకీ ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. అయినా ముళ్ళు ఊరుకోలేదు. ఏదో చూడటం మర్చిపోయానని ఆమెకి అనిపిస్తూనే ఉంది. మెల్లగా కాటుక వెనక్కి నడిచి, ఓ ఎండు టేకాకు మీద కాలు వేసి నొక్కింది. ఆకు పెళపెళమంది.

కాటుక చెవి కదల్లేదు.

ఇంకా దగ్గరికి జరిగి ఇంకో ఆకు నొక్కింది. చెవులు అలాగే వేలాడుతున్నాయి. ఎండుటాకు చప్పుడుకి చెవి తిప్పని జింకను సూదమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మిగిలిన పొడినంతా తీసుకెళ్ళి గోతిలో పోసి మట్టి కప్పేసింది.

"పనిచేసిన మందును పారబోస్తావా? మతి పోయిందా నీకు?" అని భల్లయ్య గుడ్లురిమాడు.

మర్నాడు పొద్దున మత్తు దిగిన కాటుక పొడి కోసం పరుగున వచ్చింది. లేదని తెలిసి బావురుమంది.

"నిన్ననే నా బిడ్డ కడుపు నిండా తాగిందక్కా. దాని నోటికాడి కూడు లాగేస్తావా? నీకూ ఒక బిడ్డ ఉంటే తెలిసేది."

ఒంటినిండా ముళ్ళున్నా, మాట గుచ్చుకుంటే సూదమ్మకీ నొప్పే. అయినా మెల్లగానే చెప్పింది.

"భయం ఒక్కటే పోయుంటే ఇచ్చేదాన్ని చెల్లీ. దాంతోపాటు నీ చెవి కూడా పోయింది. మొదటి పొడిని తొందరపడి వదిలేశాను, అది నా తప్పే. దాంతో ఇంకొన్నాళ్ళు చూద్దాం. కాస్త గడువివ్వు."

"గడువు నా దగ్గర లేదు," అని కాటుక పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా భల్లయ్య విన్నాడు. ఎవరూ లేనిది చూసి గొయ్యి తవ్వి, మట్టి కలిసిన పొడినే దులిపి తీసుకున్నాడు. అందులో ఏ వేరు పడిందో దంచినవాడికి తెలియదా? ఇంకా బోలెడు సర్పగంధ తవ్వి తెచ్చి, దబదబా దంచి, తేనె కలిపి వాగు ఒడ్డున కూర్చున్నాడు.

"భల్లయ్య శాంతి చూర్ణం! రండి బాబూ రండి! పూటకి పిడికెడు!"

"దీన్ని పరీక్ష చేశావా మామా?" అని ఒక ముసలి కుందేలు అడిగింది.

"పరీక్షా? ఇదిగో చూడు!" అని భల్లయ్య అందరి ముందూ రెండు పిడికిళ్ళు నోట్లో పోసుకున్నాడు. అందరూ భేష్ అన్నారు. కుందేళ్ళు తిన్నాయి, నెమళ్ళు తిన్నాయి. చిరుత వస్తే కొమ్మల మీదనుంచి కూసి చెప్పే కొండముచ్చులూ తిన్నాయి. కాటుక అందరికంటే ముందు తింది.

సూదమ్మ తన కలుగులో ఒక్కతే మొదటి పొడిని మళ్ళీ నూరుకుంటోంది. సాయంత్రం కావస్తుండగా ఆమె చెయ్యి ఆగింది. రోజూ ఈ వేళకి కొండముచ్చుల గోల చెవులకి చిల్లులు పొడిచేది. ఇవాళ ఒక్క కూత లేదు. ఇన్నాళ్ళూ అడవి కోరుకున్న నెమ్మది ఇదే. సూదమ్మ ముళ్ళు మాత్రం గలగలలాడాయి. పొడి అక్కడే వదిలేసి వాగు వైపు పరిగెత్తింది.

చిరుత పొదల చాటున నక్కి రావడం లేదు. బాట మీద దర్జాగా నడిచి వస్తోంది. కొమ్మల మీది కొండముచ్చులు దాన్ని చూసి ఆవులించాయి. కాటుక పడుకుని ఉంది. అది కూడా చిరుతను చూసింది. చూస్తూ నెమరు వేస్తూనే ఉంది. మందు తిననిది పిల్ల ఒక్కటే. అది తల్లి పొట్టను ముట్టెతో కుమ్ముతూ, "లే అమ్మా, లే!" అని అరుస్తోంది.

"కాటుకా! లేవే!" సూదమ్మ గొంతు చించుకుని అరిచింది. ముళ్ళు గలగలలాడించింది. ఒక్క చెవి కూడా తిరగలేదు.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. సూదమ్మ దూసుకెళ్ళి పిల్లకీ చిరుతకీ మధ్య నిలబడింది. గిరుక్కున వెనక్కి తిరిగి, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, వెనక్కి వెనక్కి వెళ్ళి చిరుతను ఢీకొట్టింది. దాని ముందుకాలి నిండా, మూతి నిండా ముళ్ళు దిగాయి. చిరుత గావుకేక పెట్టి, కుంటుకుంటూ గుట్ట వైపు మళ్ళింది.

దారికి అడ్డంగా ఇప్పచెట్టు కింద భల్లయ్య గుర్రు పెడుతున్నాడు. ఒళ్ళు మండిపోతున్న చిరుత ఆ కోపంలో అతని చెవి పట్టి కొరికింది. సగం చెవి ఊడిపోయింది. భల్లయ్య దోమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

మత్తు దిగాక కాటుక లేచి ఇసుకలో చూసింది. పిల్ల పడుకునే చోటికి ఒక్క అంగ దూరంలో చిరుత అడుగులున్నాయి. కాటుక నాలుగు కాళ్ళూ వణికాయి.

"నేను చూశానక్కా," అంది సూదమ్మతో. "అది వస్తుంటే చూశాను. చిరుతేనని తెలుసు. నా బిడ్డ పిలవడమూ విన్నాను. అయినా నాకేమీ అనిపించలేదు."

అని వెక్కివెక్కి ఏడ్చింది. సూదమ్మ దాన్ని ఓదార్చలేదు. "ఇప్పుడు వణుకుతున్నావు కదా, ఆ వణుకు మంచిదే," అని మొదటి పొడి చిటికెడు నోటికందించింది. మందలో పాలున్న తల్లుల్ని బతిమాలి, పిల్లకి తలా కాస్త పాలు ఇప్పించింది.

ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. మందు నెమ్మదిగా పట్టింది. సూదమ్మ మాత్రం నెమ్మదిగా ఉండలేకపోయింది. రోజూ కాటుక వెనక్కి వెళ్ళి ఎండుటాకు నొక్కేది. మొదట్లో కాటుక ఎగిరిపడి పారిపోయేది. పోనుపోను కొంచెం దూరం పోయి ఆగేది. ఒకరోజు ఆకు పెళపెళమనగానే దాని చెవి చటుక్కున తిరిగింది. తల ఎత్తి చూసింది. సూదమ్మేనని తెలుసుకుని మళ్ళీ మేతకి వంగింది. ఇన్నాళ్ళూ సూదమ్మ ఎదురుచూసింది దీనికోసమే. ఆ సాయంత్రం పిల్ల తల్లి దగ్గరే కడుపు నిండా తాగింది. సూదమ్మ వీపు మీద ముళ్ళు చప్పుడు చేయలేదు.

మిగతావాళ్ళూ ఆ పొడే అడిగి తీసుకున్నారు. చిరుత ఆ తర్వాతా వచ్చేది. కొండముచ్చులు ముందే కూసేవి. అందరూ తప్పుకుని, అది పోయాక వచ్చి మేసేవారు. సూదమ్మ కలుగు ముందు దుంపలూ పళ్ళూ తెచ్చిపెట్టేవారికి లెక్కలేదు.

చివరికి భల్లయ్య కూడా వచ్చాడు, తల దించుకుని.

"నాకూ చిటికెడు పెట్టు సూదమ్మా. నిద్ర పట్టడం లేదు. మిగిలిన చెవి కూడా పోతుందేమోనని బెంగ."

సూదమ్మ పొడి ఇచ్చింది. అతను తిన్న కొన్నాళ్ళకి, చెప్పాపెట్టకుండా వెనక్కి వెళ్ళి ఎండుటాకు నొక్కింది. భల్లయ్య నిండు చెవి తిరిగింది. దాంతోపాటు సగం చెవి కూడా తిరిగింది.

"సరిపోయింది మామా, రోజూ వచ్చి తీసుకో," అంది సూదమ్మ.

నీతి: మందు బాధను ఎంత త్వరగా తీసేసిందో చూసి మురిసిపోకూడదు, బాధతోపాటు మనల్ని కాపాడేదాన్ని కూడా తీసేసిందేమో పరీక్షించి చూసుకోవాలి.